పక్క సీటు పెద్దాయనకి

మొన్న రాత్రి ఫ్లైట్‌లో నా పక్కన కూర్చున్న పెద్దాయనా, కంగారులో మీ పేరు కూడా అడగలేదు, అందుకే ఇలా రాస్తున్నాను. ఇక చక్రాలు నేలను తాకుతాయనగా ఇంజన్లు ఒక్కసారిగా హోరెత్తి విమానం మళ్ళీ పైకి లేచేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి, ఏం పట్టుకుంటున్నానో చూడకుండా మీ చెయ్యి పట్టేసుకున్నాను (గోళ్ళ గుర్తులు పడే ఉంటాయి, సారీ అండీ). మీరు మాత్రం నవ్వి, "ఏం కాదమ్మా, ముందు దిగిన విమానం ఇంకా రన్‌వే ఖాళీ చేసి ఉండదు, టవర్ వాళ్ళు గో అరౌండ్, అంటే దిగకుండా మళ్ళీ పైకి లేచి ఇంకోసారి రమ్మని, చెప్పి ఉంటారు" అన్నారు. 30 ఏళ్ళు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా, అంటే కింద నుంచి విమానాలకు దారి చెప్పే పని, చేశారట!

గాల్లో చక్కర్లు కొట్టినంతసేపూ మీరు చెబుతూనే ఉన్నారు. పైనా కిందా వెళ్ళే విమానాల మధ్య సాధారణంగా కనీసం 1,000 అడుగులు ఉంచుతారని, ఒకే ఎత్తులో అయితే రాడార్ ఉన్నచోట మామూలుగా 3 నుంచి 5 నాటికల్ మైళ్ళని, పెద్ద విమానం వెనక లేచే గాలి సుడుల్లో పడకుండా చిన్నదాన్ని ఇంకా దూరంగా నడిపిస్తారని. నాకు బాగా నచ్చింది మాత్రం, ఎత్తు మారమన్నా దిగమన్నా పైలట్ ఆ మాటను తిరిగి అప్పజెప్పాలన్న సంగతి. ఒక్క అంకె తేడా వచ్చినా కంట్రోలర్ అక్కడే పట్టుకుంటారు.

టిష్యూ మీద మీరు గీసిన రెండు విమానాలు (ఒకటి అచ్చం చేపలా ఉంది) ఇంకా నా పర్సులోనే ఉన్నాయి. రెండోసారి దిగేటప్పుడు నేను కళ్ళు మూసుకోలేదు, మీరు చూశారో లేదో. చాలా థాంక్సండీ.