బహుళ సంస్థల పరిశోధనలకు ఉమ్మడి నైతిక సమీక్ష: వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారములు.

ఒకే ప్రతిపాదనను ప్రతి సంస్థ ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనేవారి భద్రతను, హక్కులను చూసే నైతిక సమీక్ష సంఘం) విడివిడిగా పరిశీలించడం వల్ల ఎంత కాలం వృథా అవుతున్నదో మీకు తెలియనిది కాదు. ఈ ఏడాది మన దృష్టికి వచ్చిన ఒక అధ్యయనంలో, తీసుకునే రక్తాన్ని ‘రెండు చెంచాలు’ అని రాయాలని ఒక కమిటీ, మిల్లీలీటర్లలోనే చెప్పాలని మరొక కమిటీ పట్టుబట్టాయి. ఆ ఒక్క వాక్యం కోసం సమ్మతి పత్రం మూడుసార్లు తిరిగి వచ్చింది. పాల్గొన్నవారికి హాని జరిగితే చికిత్స ఖర్చు ఎవరు భరిస్తారన్న ప్రశ్నను మాత్రం ఏ కమిటీ అడగలేదు.

అందుకే, సభ్య సంస్థల కమిటీ కార్యదర్శులందరినీ ఒకచోట కూర్చోబెట్టి జరిపిన కార్యశాలను ఈ ఏటి ముఖ్య విజయంగా భావిస్తున్నాను. పరిశోధన పద్ధతి, లాభనష్టాల తూకం, సమ్మతి పత్రం మూలప్రతి అన్ని సంస్థల తరఫున సమీక్షించే ప్రధాన కమిటీ చూడాలని, పరిశోధకుల అర్హతలు, వసతులు, స్థానిక భాషలోని అనువాదం ఆయా సంస్థల స్థానిక కమిటీ చూడాలని ముసాయిదా ఒప్పందం సిద్ధమైంది. తీవ్ర దుష్ఫలితం సంభవిస్తే ముందుగా ఎవరికి తెలపాలన్న అంశం మీద మధ్యాహ్నమంతా వాదన నడిచి, రెండు కమిటీలకూ ఒకేసారి తెలపాలని తేలింది. వైద్యరంగంతో సంబంధంలేని సభ్యురాలొకరు నమూనా సమ్మతి పత్రాన్ని పైకి చదివి ‘యాదృచ్ఛిక కేటాయింపు’ దగ్గర ఆగిపోయారు. అక్కడ ‘చీటీ తీసినట్టుగా’ అని మార్చాము. ఆమెకు, భోజన విరామాన్ని సైతం వదులుకుని ముసాయిదా రాసిన న్యాయవాది సభ్యునికి సంఘం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు.

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు ముప్పు తక్కువగా ఉన్న బహుళ కేంద్ర అధ్యయనాలకు ఉమ్మడి సమీక్షను అనుమతిస్తున్నాయి. అమెరికాలో ప్రభుత్వ నిధులతో నడిచే ఇటువంటి పరిశోధనల్లో అధికభాగానికి 2020 జనవరి 20 నుండి ఒకే కమిటీ సమీక్ష తప్పనిసరి అయింది. ఇంత దారి ఉండగా, ఒక సభ్య సంస్థ అధికారులు మన ఒప్పందాన్ని ‘పరిశీలనలో ఉంది’ అన్న మాటతో ఏడాదంతా ఆపివేయడం బాధాకరం. సమీక్షకులుగా పేర్లిచ్చిన మనవారు కూడా సమావేశం రోజున ఫోన్ ఎత్తకపోతే, ఐదుగురు లేనిదే కోరం లేదు కనుక, దూరం నుండి వచ్చిన పరిశోధకులు ఊరకే వెనుదిరగవలసి వస్తున్నది.

జమాఖర్చుల పట్టికను తనిఖీ చేయించి దీనికి జతపరిచాము, సభ ఆమోదించగలరు.

ప్రతి సమీక్షకునికీ ఒక ప్రత్యామ్నాయ సభ్యుని ముందుగానే నియమించాలన్న తీర్మానాన్ని సభ ముందు ఉంచుతున్నాను.

కార్యదర్శి