గోడ మీది పెంగ్విన్ల గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

"మా పాప చేసిన బొమ్మ గోడ మీద ఎందుకు లేదు?" అని ఈ వారమంతా వాట్సాప్ గ్రూపులో అడుగుతున్నారు. నేరుగానే చెబుతాను. చలికాలపు జంతువుల గోడ మీద తరగతిలో పిల్లలు కాగితం చింపి, అంటించి స్వయంగా చేసిన బొమ్మలే పెట్టాం. ఇంటి నుంచి పూర్తయి వచ్చినవి ఎంతో అందంగా ఉన్నాయి, మీ శ్రమకు ధన్యవాదాలు. కానీ నాలుగేళ్ల బిడ్డ చేతిలో గుండ్రటి అంచు అంత నున్నగా తెగదని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

రాయడం కంటే ముందు చింపడం రావాలి. ఈ మాట నేను ప్రతి మీటింగులో చెబుతాను, ఇకముందూ చెబుతాను. కాగితం చింపేటప్పుడు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి పనిచేస్తాయి. రేపు పెన్సిల్ పట్టేదీ ఆ మూడు వేళ్లే. న్యూస్‌పేపర్‌ని నిలువునా చింపితే తిన్నగా వస్తుంది, అడ్డంగా చింపితే వంకర్లు పోతుంది. కాగితంలో నార ఒకవైపుకే పరుచుకుని ఉండడమే దానికి కారణం. మన పిల్లలు ఈ తేడాని ఎవరూ చెప్పకుండానే పట్టేశారు. ధ్రువపు ఎలుగుబంటి బొచ్చుకి వంకర అంచే బాగుంటుందని అడ్డంగా చింపడం మొదలుపెట్టారు! జిగురు ఎక్కువైతే కాగితం తడి పీల్చి ఉబ్బి ముడతలు పడుతుంది. అది ఒకసారి చూశాక రెండో బొమ్మకి జిగురు చుక్క దానంతటదే చిన్నదైంది. మీరు చేసిచ్చిన బొమ్మలో ఇవేవీ వాళ్లకి దొరకవు.

యూకేజీ పాప ఒకతె పెంగ్విన్ పాదాల మీద గుడ్డు అంటించి "ఇది నాన్న" అంది. నిజమే, ఎంపరర్ పెంగ్విన్లలో తల్లి సముద్రానికి వెళ్తే, తండ్రే రెండు నెలలకు పైగా ఏమీ తినకుండా గుడ్డుని పాదాల మీద పెట్టుకుని పొదుగుతాడు. ఇంకో పాప ఎలుగుబంటిని ముందు నల్ల కాగితంతో చేసి, పైన తెల్ల ముక్కలు అంటించింది. దాని చర్మం నలుపని టీచర్ ఎప్పుడో చెప్పింది, మర్చిపోలేదు. ఎల్‌కేజీ బాబైతే ఎలుగుబంటినీ పెంగ్విన్‌నీ ఒకేచోట పెట్టనివ్వలేదు. ఒకటి ఉత్తర ధ్రువం వైపు, ఒకటి దక్షిణం వైపు ఉంటాయని గోడని రెండు భాగాలు చేయించాడు. ఎంత ముచ్చటేసిందో!

ఇంట్లో బటన్లు, జిప్పులు, షూ లేసులు దయచేసి పిల్లల్నే పెట్టుకోనివ్వండి. పొద్దున్నే మీ హడావిడి అర్థమవుతుంది, కాస్త ముందు లేపితే సరిపోతుంది. ఎడమచేతి వాటం పిల్లల్ని కుడిచేతికి మార్చమని మా టీచర్లని అడగొద్దు, మీరూ మార్చొద్దు. వాళ్ల కత్తెర వేరేగా ఉంటుంది, తెప్పించాం.

స్వెటర్ల మీద పేర్లు రాయండి. ఐడీ కార్డు పోతే ఆఫీసులో చెప్పండి. శనివారం మీటింగ్ మామూలు వేళకే.

సోమవారం మంచు గుడ్లగూబ చేస్తున్నాం. పాత న్యూస్‌పేపర్లు, వాడేసిన కవర్లు పంపండి. మెరుపుల పొడి, ప్రింటవుట్లు వద్దు. బొమ్మ గోడ మీద లేని పిల్లలకి ఆ రోజే పెంగ్విన్ కూడా చేసే వీలు కల్పిస్తాం, వాళ్ల కోసం గోడ మీద చోటు ఉంచాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు