బ్యాడ్జి లెక్క మాకుంది, రోగికి లేదు

సంపాదకుల వారికి,

నేను 28 ఏళ్లు ఎక్స్‌రే టెక్నీషియన్‌గా పనిచేసి కావలిలో రిటైరయ్యాను. అన్నేళ్లూ లెడ్ ఏప్రాన్ లోపల, చొక్కాకి రేడియేషన్ కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకునే డ్యూటీ చేశాను. మూడు నెలలకోసారి దాన్ని పంపిస్తే నాకెంత రేడియేషన్ తగిలిందో లెక్క వచ్చేది. బల్ల మీద పడుకున్న మనిషికి ఎంత తగిలిందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

సంక్రాంతికి వచ్చిన మా ఏడేళ్ల మనవరాలు మేడ మెట్ల మీంచి పడింది. వాంతులు మొదలయ్యేసరికి టెన్షన్‌తో ఇక్కడే తలకు సీటీ తీయించాం. నెల్లూరు తీసుకెళ్తే, బయట తీసినవి మేం చూడం అంటూ అదే రాత్రి మళ్లీ తీశారు. దేవుడి దయ వల్ల పాప బాగుంది. ఇంటికొచ్చాక రెండు సీడీలూ కంప్యూటర్లో పెట్టాను. బొమ్మలన్నీ అయ్యాక చివర డోస్ పేజీ ఒకటుంటుంది. అందులో సీటీడీఐ అని ఉండేది ఆ స్కాన్‌కు మిషన్ ఇచ్చిన రేడియేషన్ కొలత, మిల్లీగ్రే దాని యూనిట్. మొదటిదాంట్లో సీటీడీఐ 34 మిల్లీగ్రే, రెండోదాంట్లో 61. చూడగానే అర్థమైంది, రెండోచోట పెద్దవాళ్ల సెట్టింగ్ మార్చకుండానే పిల్లకు తీసేశారు. యూరప్‌లో ఈ వయసు పిల్లల తల స్కాన్‌కు పెట్టుకున్న గైడెన్స్ లెవెల్ 50.

ఆ లెవెల్ ఒక్కొక్క రోగికి పెట్టిన హద్దు కాదు. ఒక ప్రాంతంలోని సెంటర్లు మామూలుగా ఇచ్చే డోసుల్ని వరసగా పేర్చి, ముప్పాతిక వంతు సెంటర్లు దేనికి లోపల ఉంటాయో అక్కడ గీత గీస్తారు. ఎప్పుడూ గీత పైనే ఉండే సెంటరు తన పద్ధతి సరిచూసుకోవాలి. అంతర్జాతీయ రేడియోలాజికల్ రక్షణ కమిషన్ 1996 నుంచీ చెబుతున్నది ఇదే. అలాగని బొమ్మ మసకబారేంత తగ్గించకూడదు. జబ్బు కనపడకపోతే ఆ కాస్త డోసూ దండగే.

దీనికి కొత్తగా కొనాల్సిందేమీ లేదు, అంకె మిషనే ఇస్తోంది. రిపోర్టు కింద ఆ ఒక్క లైను రాయించాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల వైద్యాధికారులు ప్రతి సెంటరు నుంచీ ఓ ముప్పై మంది డోసులు, పిల్లలవి విడిగా, తెప్పించుకుంటే మన గీత మనమే గీసుకోవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మాట. డాక్టరు అవసరమన్న స్కాన్‌ను భయపడి మానకండి. సీడీ మాత్రం అడిగి తీసుకోండి. పెద్దాసుపత్రికి పోతే ముందు అది చూడమని గట్టిగా అడగండి.

– విశ్రాంత ఎక్స్‌రే టెక్నీషియన్, కావలి