ఆఫీసు టవర్ల స్థలం: అభ్యంతరాలు ఈ వారమే ఇవ్వాలి

అందరికీ నమస్కారం. కాస్త ఓపిగ్గా చదవండి.

మన కాలనీ వెనక హంద్రీ నది వైపున్న ఖాళీ భూమిని మాస్టర్ ప్లాన్‌లో నివాస జోన్ నుంచి కమర్షియల్‌కి మార్చమని ఒక కంపెనీ దరఖాస్తు పెట్టింది, కార్పొరేట్ ఆఫీసులు కడతారట. పేపర్లో వచ్చిన ప్రకటన కింద పెట్టాను, సర్వే నంబర్లు జూమ్ చేసి చూసుకోండి. అభ్యంతరాలకు గడువు 15 రోజులే, సగం అయిపోయింది.

ఆఫీసులు వద్దని కాదు. మన పిల్లలు ఉద్యోగాలకని బెంగళూరు, హైదరాబాద్ బస్సులెక్కుతున్నారు, కర్నూలులోనే వస్తే అంతకన్నా ఏం కావాలి? కానీ ఆ స్థలంలోంచే వంక పోతుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి పొంగినప్పుడు ఊరంతా ఏమైందో చూశాం. మూల ఇంటి గోడమీద ఆ బురద చార ఇంకా కనిపిస్తుంది, కిటికీ పైవరకు. వంక పూడ్చొద్దు, రెండు వైపులా జాగా వదలాలి, బండ్లకు మన సందు కాకుండా వేరే దారి చూపాలి. అడిగేది ఇంతే.

ఆదివారం సాయంత్రం 6 గంటలకు గుడి దగ్గర కలుద్దాం. ఆధార్ జిరాక్స్, ఇంటి పన్ను రసీదు తెచ్చుకోండి. అప్పటి వరద ఫొటోలుంటే తప్పకుండా తేవాలి, అవే గట్టి సాక్ష్యం.

సోమవారం ఉదయం 10:30కి కుడా (కర్నూలు అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ) ఆఫీసుకు వెళ్తాం. దీనికోసం తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగకండి. అర్జీ రెండు కాపీలు, ఒకదానిమీద స్టాంపు వేయించుకోవాలి.

వచ్చేవాళ్లు ఈ రాత్రికే పేరు, ఇంటి నంబరు ఇక్కడ పెట్టండి. ఫోన్ చూడని పెద్దవాళ్లకు పక్కింటివాళ్లు చెప్పండి, ప్లీజ్.