నీలి కుట్టు ఉన్న లీష్‌లు వెనక్కి ఇవ్వండి

నమస్కారం.

ఈ ఏడాది ఫిబ్రవరి నుంచి జూలై దాకా ఋషికొండలోని మా సర్ఫింగ్ దుకాణంలో లీష్, అంటే సర్ఫ్ బోర్డును కాలికి కట్టే తాడు, కొన్నవారు ముందుగా ఒక పని చేయండి. కాలికి చుట్టుకునే పట్టీ అంచు చూడండి. అక్కడ నీలి దారంతో కుట్టు కనిపిస్తే దానితో సముద్రంలోకి దిగకండి. తెచ్చి ఇస్తే కొత్తది ఇస్తాను. బిల్లు అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. విశాఖ రాలేనివారు కొరియరులో పంపండి, ఆ ఖర్చూ నేనే పెట్టుకుంటాను.

ఇక జరిగింది చెబుతాను.

జూలై రెండో వారంలో, హైదరాబాదు నుంచి నెలకోసారి వచ్చే ఒకాయన ఉదయం ఆరున్నరకు బోర్డు తీసుకుని నీళ్లలోకి వెళ్లారు. అలలు ఛాతీ ఎత్తున ఉన్నాయి. మూడో అల మీద పడిపోయి పైకి తేలేసరికి కాలికి పట్టీ ఉంది, తాడు లేదు. తాడు మెలిపడకుండా తిరిగేందుకు పట్టీ దగ్గర ఒక లోహపు కీలు ఉంటుంది. అది విరిగిపోయింది. ఒడ్డుకు కొట్టుకురావలసిన బోర్డు, పక్కనే లోపలికి లాగుతున్న నీటి పాయలో చిక్కి దూరమైపోయింది. ఆయనకు ఈత వచ్చు. కానీ ఆరు నెలలుగా బోర్డు పట్టుకుని తేలడానికే అలవాటు పడ్డ శరీరం ఉన్నట్టుండి దాన్ని కోల్పోతే కంగారు పడుతుంది. పాయకు ఎదురీదుతూ అలసిపోయారు. మా శిక్షకుడు మరో బోర్డు మీద వెళ్లి తీసుకొచ్చాడు. ఆయన క్షేమంగా ఉన్నారు. నైరుతి రుతుపవనాల కాలంలో మన తీరం వెంట నీరు ఉత్తరానికి నడుస్తుంది కాబట్టి బోర్డు మధ్యాహ్నానికి మంగమారిపేట మత్స్యకారులకు దొరికింది. వాళ్లే ఆటోలో వేసి పంపారు.

ఆ సాయంత్రం దుకాణంలో మిగిలిన లీష్‌లన్నీ బల్ల మీద పరిచాను. ప్రదర్శనకు పెట్టి, శిక్షణలో మేమూ వాడిన రెండింటి కీళ్లు విప్పి చూస్తే లోపలి పిన్నుల మీద తుప్పు, సూదితో పొడిచినట్టు గుంటలు. ఉప్పునీటిలో వాడే వస్తువులకు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కావాలి. వంటపాత్రలకు సరిపోయే 304 రకం సముద్రంలో ఇలాగే గుంటలు పడి తినుకుపోతుంది. నాకు సరుకు పంపినవారి కాగితాల్లో 316 అనే రాసి ఉంది. నేను కాగితం చదివాను, వస్తువును పరీక్షించలేదు. ధర తక్కువని సంతోషించి నలభై ఆరు అమ్మాను. ఆ పొరపాటు నాది. ఇప్పటిదాకా ముప్పై ఒకటి తిరిగి వచ్చాయి. ఇంకా పదిహేను బయట ఉన్నాయి. ఆ లెక్క సున్నా అయ్యేదాకా నాకు నిద్ర పట్టదు.

మా నాన్న తెప్ప మీద వేటకు వెళ్లేవారు. తెల్లవారకముందే తాడును గుప్పిట్లోంచి జారవిడుస్తూ మొదలు నుంచి చివర దాకా తడిమి చూసేవారు. చీకట్లో కంటికి కనిపించని కోత చేతికి తెలుస్తుందనేవారు. సముద్రం మీద బతికిన ఇంట్లో పుట్టి, సముద్రంలోకి వెళ్లే వస్తువులు అమ్ముతూ, ఆ పని నేను చేయకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తోంది. ఇకపై మా దగ్గరికి వచ్చే ప్రతి సరుకులోంచి రెండు లీష్‌లు తీసి నెల రోజులు ఉప్పునీటి బకెట్‌లో నానబెడతాం. కీలు విప్పి చూశాకే మిగతావి అమ్మకానికి పెడతాం. దీనివల్ల కొన్నిసార్లు లీష్‌లు దొరకకపోవచ్చు. అప్పుడు ఆగండి.

మీరూ ఒకసారి తడిమి చూసుకోండి. పారదర్శకంగా ఉన్న తాడు పసుపుపచ్చగా మారి గట్టిపడితే ఎండకు దాని సాగే గుణం పోయిందని అర్థం. గోరు తగులుకునేంత గాటు ఉన్నా, వెల్క్రో పట్టు సడలినా మార్చాల్సిందే. తరచుగా వాడేవారికి లీష్ ఏడాదికి మించి నమ్మదగినది కాదు. ఎనిమిది అడుగుల బోర్డుకు ఎనిమిది అడుగుల లీష్, మందం 7 మిల్లీమీటర్లు. పొట్టిది కొంటే పడినప్పుడు బోర్డు మీ మీదికే వస్తుంది. అమెరికాలో వెట్‌సూట్‌లకు, అంటే చల్లని నీళ్లలో వేసుకునే బిగుతు దుస్తులకు, పేరు తెచ్చిన జాక్ ఓనీల్ 1970ల మొదట్లో ఎడమ కన్ను పోగొట్టుకున్నది ఇలాంటి ప్రమాదంలోనే. ఆనాటి లీష్‌లు రబ్బరు గొట్టాల్లా విపరీతంగా సాగేవి. సాగిన తాడు బోర్డును వెనక్కి విసిరింది. ఇప్పటి తాళ్లు అంతగా సాగవు. అయినా పడిన ప్రతిసారీ రెండు చేతులతో తల కప్పుకునే పైకి తేలాలని మేం మొదటి రోజే చెప్పేది అందుకే.

లీష్ ప్రాణరక్షక కవచం కాదు. ఈత రానివారికి ఇకపై బోర్డు అద్దెకు ఇవ్వం. శిక్షకుడితో కలిసి నడుము లోతులో నేర్చుకునేవారికి మాత్రం మినహాయింపు. లోపలికి లాగే పాయలో పడితే ఒడ్డు వైపు ఎదురీదవద్దు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈదండి. పాయ వెడల్పు తక్కువ, అది దాటితే అలలే మిమ్మల్ని ఒడ్డుకు తెస్తాయి. అలలు విరగకుండా నునుపుగా, ముదురు రంగులో కనిపించే చోటు కొత్తవారికి ప్రశాంతంగా అనిపిస్తుంది. చాలాసార్లు పాయ ఉండేది సరిగ్గా అక్కడే.

మరో విషయంలోనూ నేను మీకు సరైన సలహా ఇవ్వలేదు. 2025 ఆగస్టులో మహాబలిపురంలో జరిగిన ఆసియా సర్ఫింగ్ పోటీల్లో మన దేశపు సర్ఫర్ రమేష్ బుదిహాల్ కాంస్యం గెలిచాక కుర్రాళ్లు చాలామంది వచ్చి ఆరడుగుల ఫైబర్ బోర్డులే కావాలన్నారు. అడిగినవి ఇచ్చాను. ఆ బోర్డు ఆయన కింద పలుకుతుంది, ఎందుకంటే దాని వెనక ఏళ్ల సాధన ఉంది. మొదటి నెలలో మీకు కావలసింది ఎనిమిది అడుగుల మెత్తటి ఫోమ్ బోర్డు. బోర్డు ఎంత తేలుతుందో దాని ఘనపరిమాణం చెబుతుంది, దాన్ని లీటర్లలో రాస్తారు. కొత్తవారికి ఆ అంకె తమ బరువు కిలోల కన్నా ఎక్కువే ఉండాలి. డెబ్బై కిలోల మనిషి ముప్పై లీటర్ల బోర్డు మీద పడుకుంటే అది సగం మునిగి ఉంటుంది, చేతులు ఎంత ఆడించినా అలను అందుకోలేరు. అలా నెల రోజులు ప్రయత్నించి, సర్ఫింగ్ తన వల్ల కాదని మానేసిన ఒక అమ్మాయి సంగతి నాకు తెలుసు. ఆమె వల్ల కాకపోవడం కాదు, నేను అమ్మిన బోర్డు వల్ల కాలేదు. మా దగ్గర పొట్టి బోర్డు కొని మూలన పెట్టినవారు తీసుకురండి, ఫోమ్ బోర్డుతో మార్చి ఇస్తాను. వాడిన గీతలున్నా ఫరవాలేదు. విరిగినవి మాత్రం తీసుకోలేను.

వెట్‌సూట్‌లు పూర్తిగా మానేశాం. మన సముద్రం ఏడాదిలో ఎక్కువ కాలం 27 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. చలి సముద్రాల కోసం పుట్టిన బట్ట ఇక్కడ ఉడకబెట్టడానికే పనికొస్తుంది. పొడుగు చేతుల రాష్‌గార్డు, అంటే ఒంటికి అంటుకునే పల్చటి చొక్కా, చాలు. ఛాతీ ఒరుసుకోదు, ఎండా తగలదు. కాలు జారకుండా బోర్డుకు రుద్దే మైనం కూడా అంతే. ఉష్ణమండల జలాలకని రాసి ఉన్నదే కొనండి. చల్లని నీటి మైనం మన ఎండలో పేరిన నెయ్యి కరిగినట్టు కారిపోతుంది. బోర్డును కారులో పెట్టి అద్దాలు మూసి టిఫినుకు వెళ్లకండి. ఆ వేడికి లోపలి ఫోమ్ నుంచి పై పొర ఊడి బుడగలు లేస్తాయి. బోర్డు సంచులు భీమిలిలో మా పిన్ని కుడుతోంది. ఒక వైపు తెల్ల గుడ్డ వేయమన్నాను, ఎండలో ఉన్నప్పుడు ఆ వైపు పైకి ఉంచండి.

అద్దె గంటకు వంద రూపాయలు పెంచాం. మంచి లీష్‌లకు అయ్యే ఖర్చు అందులోంచే రావాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. ఓడరేవులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేసినా ఆ రోజు బోర్డు బయటికి వెళ్లదు, ముందుగా కట్టిన డబ్బు పూర్తిగా వెనక్కి ఇస్తాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఉన్నవారికి కారణం చెప్పనక్కర్లేదు. హైదరాబాదు నుంచి బయలుదేరేముందు మీ ఊళ్లోనే ఉన్న ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇచ్చే సముద్ర స్థితి సూచన చూడండి. అలల ఎత్తుతో పాటు ఒక అలకూ మరో అలకూ మధ్య ఎన్ని సెకన్లో కూడా అందులో ఉంటుంది. ఆ విరామం పద్నాలుగు, పదిహేను సెకన్లయితే దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి వచ్చిన అలలని అర్థం. ఇక్కడ గాలి లేకపోయినా వాటి బలం ఎక్కువ. అలాంటి రోజు కొత్తవారు ఒడ్డున కూర్చుని చూడటమే మంచిది. చూడటం కూడా నేర్చుకోవడమే.

ఒడ్డున మత్స్యకారులు వల లాగుతుంటే ఆ రెండు తాళ్ల మధ్యకు వెళ్లకండి. అది వాళ్ల పొలం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిళ్లు ఇసుకలో మంటలు, పెద్ద లైట్లు వద్దు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం అది.

బయట ఉన్న పదిహేను లీష్‌లలో పదకొండు మంది ఫోను నంబర్లు నా దగ్గర ఉన్నాయి. ఒక్కొక్కరికీ చేస్తున్నాను, దయచేసి ఎత్తండి. మిగిలిన నలుగురు నగదు ఇచ్చి కొన్నారు, పేర్లు రాసుకోలేదు. వారిలో ఒకాయన మాత్రం గుర్తున్నారు. మే నెలలో శ్రీకాకుళం నుంచి బండి మీద వచ్చి, తమ్ముడి పుట్టినరోజుకని కొన్నారు. రంగు కాగితంలో చుట్టి ఇచ్చింది నేనే. అన్నా, ఇది మీ కంట పడితే తమ్ముణ్ణి ఆ తాడుతో నీళ్లలోకి పంపకండి. కబురు చేయండి చాలు, కొత్తది నేనే తెచ్చి ఇస్తాను.