ఆగని ఆకలికి తల్లిని తిట్టకండి

సంపాదకులకు నమస్కారం.

తినేవాటిలో చక్కెర ఎంతుందో చూపే చక్కెర బోర్డులు, ఆ వెనకే నూనె సంగతి చెప్పే నూనె బోర్డులు బడుల్లో పెట్టమని సీబీఎస్‌ఈ 2025లో చెప్పింది. మంచి పని. కానీ ఆ బోర్డు చూపించి లావుపాటి పిల్లల్ని ‘తిండిపోతు’ అని వెక్కిరించడం అన్యాయం. తిన్నది అందరికీ ఒకేలా ఒంటబట్టదు. 1990లో కెనడాలో క్లాడ్ బూషార్ బృందం 12 జతల సమరూప కవలలకు (ఇద్దరి జన్యువులూ ఒకటే) 84 రోజులు రోజుకు 1000 కేలరీలు ఎక్కువ పెట్టింది. నాలుగు కిలోలు పెరిగినవారూ ఉన్నారు, 13 కిలోలు పెరిగినవారూ ఉన్నారు. ఒక జతలోని ఇద్దరూ మాత్రం ఇంచుమించు ఒకే తీరున పెరిగారు.

అలాగని ‘మా వంశమే లావు’ అని చేతులు ముడుచుకోనక్కర్లేదు. 2007లో బయటపడ్డ ఎఫ్‌టీఓ జన్యువులో బరువు పెంచే రకం తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చినా, సగటున తేడా మూడు కిలోలే. లాలాజలం పంపితే జన్యువులు చూసి డైట్ చార్ట్ ఇస్తామనే కిట్ల మీద వేలు పోయడం దండగ. దేశంలో అధిక బరువున్న మహిళలు 2005-06లో 12.6 శాతం, 2019-21కి 24 శాతం. పదిహేనేళ్లలో జన్యువులు మారవు, మారింది కంచమూ నడకే.

జన్యు పరీక్ష నిజంగా కావలసిన పిల్లలు వేరే ఉన్నారు. 1997లో కేంబ్రిడ్జ్ వైద్యులు పాకిస్థానీ మూలాలున్న ఇద్దరు పిల్లల గురించి రాశారు. ఎనిమిదేళ్ల పాప 86 కిలోలు, రెండేళ్ల బాబు 29 కిలోలు. పుట్టినప్పుడు ఇద్దరి బరువూ మామూలే. ‘ఇక చాలు’ అని మెదడుకు చెప్పే లెప్టిన్ అనే హార్మోన్ వాళ్ల కొవ్వు కణాల్లో తయారు కావడం లేదు. లెప్టిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాక పాప ఏడాదిలో 16 కిలోలు తగ్గింది. ఆ లోపం తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే బయటపడుతుంది. వారివి రక్తసంబంధపు పెళ్లిళ్లు. మేనరికాలున్న మన ఇళ్లకు ఇది పరాయి సంగతి కాదు. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది.

ఐదేళ్లలోపే విపరీతమైన లావు, అన్నం తిన్న అరగంటకే మళ్లీ ఏడుపు, రాత్రిళ్లు లేచి డబ్బాలు వెతకడం కనిపిస్తే వైద్యుడికి చూపించాలి. ఆరో వేలు, రేచీకటి ఉంటే బార్డెట్-బీడెల్ అనే జన్యు వ్యాధి కావచ్చు. పుట్టగానే మెత్తగా వాలిపోయి, పాలు పీల్చలేక, రెండుమూడేళ్లకు ఆకలి విరుచుకుపడితే ప్రాడర్-విల్లీ అనే మరో జన్యు వ్యాధి కావచ్చు. లావుగా ఉండి వయసుకు తగ్గ ఎత్తు లేకపోతే ముందు థైరాయిడ్ చూడాలి. పొరపాటు ఎక్కువగా జరిగేది ఒకచోట: రక్తంలో లెప్టిన్ మామూలుగా ఉందని ఇంటికి పంపేస్తారు. దాన్ని అందుకునే గ్రాహకంలో లోపముంటే అంకె మామూలుగానో ఎక్కువగానో కనిపిస్తుంది. అప్పుడు జన్యు క్రమం చదివించాల్సిందే. హైదరాబాద్‌లోని నిమ్స్‌లో ఇందుకు వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది.

ప్రభుత్వాన్ని కోరేది ఇంతే. పిల్లల ఆరోగ్యం పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య బృందాలు అంగన్‌వాడీలకు వెళ్లినప్పుడు ఈ లక్షణాలున్న పిల్లల్ని జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. కార్డులో బరువుతో పాటు ఎత్తు, తల్లిదండ్రుల మేనరికం కూడా రాయాలి. బడిలో బరువు చూసేటప్పుడు ఒక్కొక్కరినీ విడిగా పిలవాలి, అంకె పైకి చదవకూడదు.

ఇట్లు,
ఒక పిల్లల వైద్యురాలు, కాకినాడ