రివ్యూ నిజమే కావచ్చు, కానీ ఏ ఫోనుది? ఎన్నాళ్లు వాడి చెప్పింది?

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కొత్తగూడెంలో సెల్‌ఫోన్ల రిపేరు షాపు నడుపుతాను. జనం ఫోన్ కొనే ముందు రివ్యూ చూస్తారు, కొన్నాక మా షాపు చూస్తారు. అందుకే ఈ ఉత్తరం.

డబ్బులు పుచ్చుకుని పొగిడేవాళ్ల సంగతి మీ శాఖ ఇప్పటికే పట్టించుకుంది. 2023 జనవరి మార్గదర్శకాల ప్రకారం డబ్బే కాదు, ఉచితంగా వచ్చిన వస్తువు, కంపెనీ ఖర్చుతో తిరిగిన టూరు, దిగిన హోటలు కూడా చెప్పి తీరాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. మంచిదే. కానీ నేను రోజూ చూసే గొడవ అబద్ధాలతో వచ్చింది కాదండీ. పైసా తీసుకోకుండా చెప్పిన రివ్యూ నమ్మి కూడా మనిషి నష్టపోతున్నాడు. ఏ ఫోను, ఎన్నాళ్లు, ఎక్కడ వాడి చెబుతున్నారో అందులో ఉండటం లేదు.

2020లో శాంసంగ్ గెలాక్సీ ఎస్20 అమెరికాలో స్నాప్‌డ్రాగన్ 865 చిప్‌తో వచ్చింది. మన దేశంలో అదే పేరుతో అమ్మింది ఎక్సినాస్ 990తో. అమెరికా రివ్యూ చూసి ఇక్కడ కొన్నవాడు తాను చూసిన ఫోను కొననట్టే. ఆ రివ్యూలో ఒక్క అబద్ధమూ లేదు. రెండేళ్ల తర్వాత ఇంకోటి జరిగింది. ఎస్10 నుంచి ఎస్22 దాకా గెలాక్సీ ఫోన్లను, ఫోన్ల స్పీడు పరీక్షించి అంకెలిచ్చే గీక్‌బెంచ్ తన పట్టిక నుంచి తీసేసింది. మామూలు యాప్‌ల వేగం తగ్గించే సాఫ్ట్‌వేర్ స్పీడు పరీక్షల జోలికి మాత్రం పోలేదని తేలడంతో ఆ పని చేసింది. రివ్యూల్లో అందరూ గట్టిగా చదివేది ఆ అంకెలే.

ఇక ఎన్నాళ్లు అనే ముచ్చట. కంపెనీ ఫోన్‌ను రివ్యూ చేసేవాళ్లకు విడుదలకు ముందే పంపి, వీడియో ఎప్పుడు బయటికి రావాలో టైమ్ కూడా తానే పెడుతుంది. చేతిలో ఉండేది వారమో పది రోజులో. అప్‌డేట్ తర్వాత డిస్‌ప్లే మీద పచ్చ గీత పడటం, బ్యాటరీ ఉబ్బడం, చార్జింగ్ పిన్ను వదులవడం ఆ పది రోజుల్లో కనిపించవు. నా టేబుల్ మీదికి వచ్చేవన్నీ రెండో ఏడాది ఫోన్లు. డిస్‌ప్లే మార్చాలంటే ఫోన్ ధరలో సగం అడిగే మోడళ్లున్నాయి. ఊళ్లో సర్వీస్ సెంటర్ లేని బ్రాండ్ కొంటే ఖమ్మమో హైదరాబాదో బస్సెక్కాలి. కెమెరా గురించి ఎనిమిది నిమిషాలు మాట్లాడే వీడియోలో దీనికి అర నిమిషం దొరకదు.

ఎండ మాట మరీ చెప్పాలి. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ సంస్థే చెబుతుంది. మేలో మా దగ్గర 44, 45 మామూలే. ఫుడ్ డెలివరీ కుర్రాడి ఫోను మధ్యాహ్నమంతా బండి హ్యాండిల్ మీద ఎండలోనే ఉంటుంది. స్క్రీన్ వెలుతురు దానంతటదే తగ్గుతుంది, చార్జింగ్ ఆగుతుంది. నిజానికి ఫోను తనను తాను కాపాడుకుంటోంది. కుర్రాడేమో పాడైందని ఒక్క స్టార్ ఇస్తాడు. ఏసీ గదిలో తీసిన రివ్యూ కొన్నవాడికి అన్యాయం చేసింది, ఈ ఒక్క స్టార్ కంపెనీకి అన్యాయం చేసింది.

స్టార్ల సంగతి మీకూ తెలుసు. 4 జీబీ ఫోనుకూ 8 జీబీ ఫోనుకూ కలిపి ఒకే రేటింగ్ చూపిస్తారు. పార్శిల్ ఆలస్యమైతే ఫోనుకు ఒక్క స్టార్, తొందరగా వస్తే బాక్స్ తెరవకముందే ఐదు. ఆన్‌లైన్ రివ్యూల కోసం 2022 నవంబరులో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ తెచ్చిన ఐఎస్ 19000 ప్రమాణం ఇష్టమున్నవాళ్లు పాటించేదిగానే వచ్చింది. దాన్ని తప్పనిసరి చేసే విషయంపై 2024లో మీ శాఖ ఈ-కామర్స్ సంస్థలతో సమావేశమైంది కూడా.

ఆ పని పూర్తి చేయండి. చేసేటప్పుడు ప్రతి మోడల్‌కూ రేటింగ్ విడిగా చూపాలని, కొన్న ఎన్నాళ్లకు రాశారో పక్కనే ఉండాలని, డెలివరీ మీద ఫిర్యాదు వస్తువు ఖాతాలో పడకూడదని అందులో రాయించండి. వీడియోలు చేసేవాళ్లు ఫోన్ ఎవరిచ్చారు, ఏ దేశపు మోడల్, ఎన్ని రోజులు వాడారు అన్నవి మొదట్లోనే చెప్పాలి. ఎవరి అభిప్రాయాన్నీ మార్చమనడం లేదు. ఫోన్‌ను ఎంత తేలిగ్గా బాగు చేయొచ్చో మార్కు వేసే రిపేరు సూచిక మీద మీ కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. ఆ మార్కు బాక్స్ మీదా, అమ్మే పేజీలో ధర పక్కనా కనిపించాలి.

ఇంకొక్కటి. ప్రకటన ఏ భాషలో ఉంటే షరతులూ ఆ భాషలోనే ఉండాలని తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద వచ్చిన 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. తెలుగు వీడియోల్లో మాత్రం పెయిడ్ ప్రమోషన్ అనే ముక్క ఇంగ్లిష్‌లో, మూలన, రెండు సెకన్లు మెరిసి పోతోంది. దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ఉన్న నిబంధన అమలు చేయిస్తే చాలు.

ఇట్లు,
ఒక సెల్‌ఫోన్ మెకానిక్,
కొత్తగూడెం